భీమశంకరం గారి తొంభై ఇళ్లు

భీమశంకరం గారికి ఉత్తరం వచ్చింది. వచ్చి మూడు రోజులైనా ఆయన జవాబు ఇవ్వలేదు. ఇవ్వడానికి ఆయన లేరు. చనిపోయారని కాదు, అసలు పుట్టనే లేదు. ఢిల్లీ మయూర్ విహార్ మార్కెట్లో మొబైల్ దుకాణం పైనున్న సైబర్ కేఫ్‌లో, జనవరి నెల రెండో ఆదివారం మధ్యాహ్నం, మూడో నంబరు క్యాబిన్‌లో కూర్చుని పూర్ణ ఆయన్ని తయారు చేసింది. డెబ్బై ఏళ్ల వయసు, ఒక డాక్టరేటు, నలభై ఏళ్ల పరిశోధన, ఒక ఈమెయిలు, అన్నీ తానే ఇచ్చింది.

నెల తిరిగాక ఇప్పుడు అదే క్యాబిన్‌లో కూర్చుని ఆయన ఉత్తరం తను చదువుతోంది. ఉత్తరం ఇంగ్లీషులో ఉంది.

"గౌరవనీయులైన డాక్టర్ భీమశంకరం గారికి. మీ వ్యాసాన్ని నా విద్యార్థినులు ఇద్దరు వాడుకున్నారు. వారిలో ఒకరు వచ్చే శుక్రవారం మా కాలేజీ సదస్సులో పత్రం చదువుతున్నారు. గాలివాన తర్వాత తొంభై కుటుంబాలు ఊరు విడిచి వెళ్లాయని మీరు రాశారు. ఆ సంఖ్య మీకు ఎక్కడ దొరికిందో తెలుపగలరా? పత్రం చదవక ముందే సరిచూసుకోవడం మా అలవాటు."

కింద సంతకం సునీతా భట్నాగర్, చరిత్ర శాఖ.

గౌరవనీయులైన అన్న మొదటి మాట దగ్గరే పూర్ణకు ముఖం వేడెక్కుతోంది. ఆ గౌరవం ఎవరికి దక్కాలో ఆమెకు తెలుసు.

*

పూర్ణ పూర్తి పేరు అన్నపూర్ణేశ్వరి. నాయనమ్మ పేరే పెట్టారు. అత్తగారి పేరు నోటితో అనకూడదు కాబట్టి తల్లి దాన్ని విరిచి సగమే పిలిచేది. ఊరు ప్రకాశం జిల్లాలో సముద్రం ఒడ్డున కొత్తకొఠారు. ఉప్పు పండించే ఊరు. పదో తరగతి దాకా అక్కడి హైస్కూల్లోనే చదివింది. ఇంటర్ పక్క ఊళ్లో అయ్యాక, కేంద్ర ప్రభుత్వంలో సెక్షన్ ఆఫీసరుగా పనిచేసే బాబాయి జనార్దనరావు ఆమెను ఢిల్లీ తీసుకొచ్చి బి.ఏ. చరిత్రలో చేర్పించాడు.

ఊళ్లో తెలుగు చెప్పిన సీతారామయ్య మాస్టారికి ఒక పట్టింపు ఉండేది. "కొటేషన్ లేని వ్యాసం తాలింపు లేని పప్పురా," అనేవారు. ఏ వ్యాసమైనా ఒక మహానుభావుడి మాటతో మొదలవ్వాలి. పల్లెటూరి పిల్లలకు ఎంతమంది మహానుభావులు తెలుస్తారు? తెలిసినవాళ్లు రెండు వ్యాసాలకే అయిపోయేవారు. మూడో వ్యాసం నుంచి పిల్లలే సొంతంగా పుట్టించేవారు. 'నీటిని పట్టి ఉంచినవాడే నేలను గెలుస్తాడు అని ఒక మహానుభావుడు అన్నాడు' అని రాస్తే మాస్టారు పక్కన ఎర్ర సిరాతో టిక్కు పెట్టేవారు. ఎవరా మహానుభావుడు అని ఒక్కనాడూ అడగలేదు. పబ్లిక్ పరీక్షలో దిద్దినవాళ్లూ అడిగినట్టు లేదు, అందరికీ మంచి మార్కులే వచ్చాయి.

ఈ విద్యలో పూర్ణను మించినవాళ్లు ఊళ్లో లేరు. నలుగురిలో నోరు విప్పని పిల్ల, కలం పడితే మాత్రం గంటకు నలుగురు మహానుభావులను దింపేది. పరీక్షకు ముందు ఆడపిల్లలు ఆమె చుట్టూ చేరేవారు. "నాకో మహానుభావుణ్ణి ఇవ్వవే పూర్ణా, పర్యావరణం మీద."

భీమశంకరం గారు ఆ వరసలో ఆఖరివారు. చిరునామా ఉన్నవారు మాత్రం ఆయనొక్కరే.

*

భట్నాగర్ మేడమ్ మొదటి క్లాసులోనే బోర్డు మీద మూడు ప్రశ్నలు రాసింది. ఎవరు చెప్పారు? ఎప్పుడు చెప్పారు? వాళ్లకు ఎలా తెలుసు? "మీరు ఏది చదివినా ఈ మూడూ అడగండి. జవాబు లేకపోతే ఆ పేజీ మూసేయండి," అంది. జనవరిలో క్లాసు మొత్తానికీ ఒకే పని ఇచ్చింది. ఎవరి ఊరి జీవనాధారం గురించి వాళ్లు రాయాలి. కనీసం ఐదు ఆధారాలు చూపాలి. ఆధారాలను ఎలా చూపాలో చెప్పే కాగితం ఒకటి తన దగ్గరున్నది ఇచ్చి, అందరినీ జిరాక్స్ తీయించుకోమంది.

జిరాక్స్ కౌంటర్ దగ్గర ఆ రోజు పెళ్లి పందిరంత గుంపు. పూర్ణ చేయి చాపి కాగితం ఇచ్చింది. అతను ఒక పక్క తీసి చేతిలో పెట్టేశాడు. కాగితానికి రెండో పక్క కూడా అచ్చు ఉందని ఆమె చూసింది. "భయ్యా, దూసరీ సైడ్ భీ," అని లోపల రెండుసార్లు అనుకుంది కూడా. మాట పెదవి దాకా వచ్చేలోపు ఆమె భుజం మీదుగా మరో చేయి, దాని వెనక ఇంకో చేయి దూరాయి. ఎవరో అసలు కాగితం లాక్కుపోయారు. ఒక పక్కతోనే పూర్ణ బయటికి వచ్చేసింది. రేపు ఎవరి దగ్గరైనా అడగవచ్చులే అనుకుంది. ఆ రేపు రాలేదు.

ఆ ఒక పక్కన పుస్తకాలు, పత్రికలు, వెబ్ పేజీలు ఉన్నాయి. రచయిత పేరు, సంవత్సరం, ప్రచురించిన చోటు ఏ వరసలో రాయాలో ఉంది. మనుషులు లేరు.

లైబ్రరీలో వారం రోజులు వెతికింది. ఉప్పు మీద పుస్తకాలు రెండు దొరికాయి, రెండూ గుజరాత్ గురించే. పాత జిల్లా గెజెటీరులో 'తీరంలో ఉప్పు తయారవుతుంది' అన్న వాక్యం ఒక్కటి దొరికింది. కంప్యూటరులో ఊరి పేరు కొడితే 'మీరు వెతికింది దొరకలేదు' అని వచ్చింది. తను పదిహేడేళ్లు తిరిగిన ఊరు దొరకలేదంటే పూర్ణకు కొంచెం అవమానంగా అనిపించింది.

దొరకనిదంతా ఆమె డైరీలో ఉంది. పోయిన వేసవిలో నాయనమ్మ చింతపండు గింజలు తీస్తూ ఉప్పు మడుల సంగతి చెప్పుకొచ్చింది. పూర్ణ పక్కన కూర్చుని, మాట పోకుండా రాసుకుంది.

"మడిలో నీళ్లు చిక్కబడ్డాయా లేదా అని కోడిగుడ్డు వేసి చూసేవోళ్లం. గుడ్డు అర్ధణా బిళ్లంత పైకి తేలితే చాలు, ఇంక కదిలించకూడదు. ఇంటికొక గుడ్డు. దాన్ని ఎవురూ తినకూడదు. అది మడి గుడ్డు. మా మరిది ఒకసారి తినేశాడు. ఆ ఏడు ఉప్పు సరిగ్గా దిగలేదు, వాడే కారణమని చచ్చేదాకా తిట్టింది మా అత్త."

ఇంకా చెప్పింది. కాళ్లు పగలకుండా ఆముదం రాసి గోనెపట్టా చుట్టుకోవడం గురించి. తనకు పెళ్లయిన రెండో ఏడు వచ్చిన గాలివాన గురించి. మడులు కొట్టుకుపోయాయనీ, ఆ తర్వాత తొమ్మిది ఇళ్లవాళ్లు ఊరు విడిచి పోయారనీ.

ఇంతకన్నా మంచి ఆధారం ఏ లైబ్రరీలో ఉంటుంది? కానీ నాయనమ్మ వేలిముద్ర వేసే మనిషి. ఆమె పేరు పక్కన సంవత్సరం ఏం రాయాలి, ప్రచురణ ఏ చోటని రాయాలి? మేడమ్ దగ్గరికి వెళ్లి ఒక్కమాట అడిగితే తేలిపోయేది. ఇంగ్లీషులో ఆ ప్రశ్నను నాలుగు రకాలుగా అల్లుకుని, స్టాఫ్ రూము గుమ్మం దాకా రెండుసార్లు వెళ్లి, రెండుసార్లూ వెనక్కి వచ్చేసింది.

ఆ ఆదివారం బాబాయి కూతురు, తొమ్మిదో తరగతి చదివే వైశాలిని వెంటబెట్టుకుని సైబర్ కేఫ్‌కు వెళ్లింది. పది నిమిషాల్లో వైశాలి బ్లాగు తెరిచింది, ఒక ఈమెయిలు కూడా పెట్టింది.

"ఎవరిది దీదీ ఇది?"

"మా ఊరి పెద్దాయనది. ఆయనకు కంప్యూటర్ రాదు."

"అచ్ఛా. ఫోటో లగావూఁ క్యా?"

"ఫోటో వద్దు. ఆయనకు సిగ్గెక్కువ."

"బిల్కుల్ నీలాగే," అని వైశాలి నవ్వి, పక్క క్యాబిన్‌లో ఆట ఆడుకోవడానికి వెళ్లిపోయింది.

పూర్ణ ఒక్కో అక్షరం వెతుక్కుంటూ నాయనమ్మ మాటలను ఇంగ్లీషులోకి దించింది. గుడ్డు, ఆముదం, గోనెపట్టా, అన్నీ వచ్చాయి. ఊరు విడిచిన ఇళ్ల దగ్గర 9 అంకె కొట్టి ఆగింది. కిటికీలోంచి చూస్తే ఎదురుగా అపార్ట్‌మెంట్లు. ఒక్కో బిల్డింగులోనే తొంభై ఇళ్లుంటాయి. ఇంత ఊరికి తొమ్మిదేం లెక్క? మేడమ్ నవ్వదూ? పక్కన సున్నా పెట్టింది. ఒక్క మీట. దానికి పట్టిన సమయం కూడా ఏమీ లేదు.

పైన రాసింది: డాక్టర్ భీమశంకరం, ఉప్పు చరిత్ర పరిశోధకులు.

ఏ రోజుకారోజు డైరీలో పేజీ నింపే అలవాటున్న పిల్ల, ఆ రోజు ఒక్క వాక్యమే రాసింది. 'ఇవాళ చలి తగ్గింది.'

*

పూర్ణ తన వ్యాసానికి చూపిన ఐదు ఆధారాల్లో భీమశంకరం గారి బ్లాగు ఒకటి. మేడమ్ అందులోని గుడ్డు సంగతి క్లాసులో పైకి చదివింది. "ఇలాంటి ఆధారం దొరకడం అరుదు. ఎలా పట్టుకున్నావు?" అని అడిగింది. నలభై తలలు వెనక్కి తిరిగాయి. "వెతికాను మేడమ్," అంది పూర్ణ. ఆ క్లాసులో ఆమె లేచి చెప్పిన మొదటి ఇంగ్లీషు వాక్యం అది. అదీ అబద్ధమే.

పక్కన కూర్చునే హారిక మోచేత్తో పొడిచింది. "ఏయ్ ఛుపీ రుస్తుం, ఎక్కడ దాచావు ఇంత మాల్?"

హారిక వాళ్లది ఢిల్లీ పక్కనే ఉన్న ఇందిరాపురం. తండ్రి సాఫ్ట్‌వేర్ కంపెనీలో పెద్ద ఉద్యోగి. కాలేజీలో పూర్ణతో తెలుగులో మాట్లాడే మనిషి ఆమె ఒక్కతే, ఆ తెలుగు ఎలాంటిదైనా. ఆమెకు రాయడానికి ఊరు లేదు.

"మాకు ఊరే లేదు యార్. డాడీ హైదరాబాద్‌లో పుట్టాడు, నేను ఇక్కడ. ఇందిరాపురంలో జీవనాధారం అంటే ఏం రాయను, లిఫ్ట్ నొక్కడమా? నీ ఊరు నాకు కొంచెం ఇవ్వవా? నువ్వు ఉప్పు రాశావు. నేను ఊరు వదిలిపోయిన వాళ్ల మీద రాస్తా. ఆ డాక్టర్ సాబ్ లింక్ ఇవ్వు."

బస్‌స్టాప్‌లో అడిగింది ఆ మాట. బస్సు రావడానికి ఇంకా పావుగంట ఉంది. పావుగంటలో చెప్పాలనుకుంటే ఎంతైనా చెప్పవచ్చు. పూర్ణ నోటుపుస్తకంలోంచి కాగితం చింపి, లింకు రాసి ఇచ్చింది. పరీక్షకు ముందు ఆడపిల్లలకు మహానుభావులను పంచినట్టే పంచింది.

హారిక ఆ తొంభై మీద మేడ కట్టింది. తొంభై కుటుంబాలు వెళ్లిపోతే ఆ పని ఎవరు చేశారు, వెళ్లినవాళ్లు ఎక్కడ తేలారు, తీరం ఎలా ఖాళీ అయింది, ఇరవై పేజీలు. నిజంగా బాగా రాసింది. మేడమ్ దాన్ని సదస్సుకు ఎంపిక చేసింది. మొదటి సంవత్సరం పిల్లను ఎంపిక చేయడం ఆ కాలేజీలో అదే మొదలన్నారు. ఆ రోజు హారిక క్యాంటీన్‌లో పూర్ణకు సమోసా తినిపించింది. "నీ వల్లే," అంది. సమోసా గొంతులో అడ్డం పడి పూర్ణ చాలాసేపు దగ్గింది.

*

ఇప్పుడు ఈ ఉత్తరం.

పూర్ణ కీబోర్డు ముందుకు లాక్కుంది. 'ప్రియమైన ప్రొఫెసర్ గారికి. ఆ సంఖ్య నాకు పాత ఉప్పు కచేరీ రిజిస్టర్లలో దొరికింది. ఆ రిజిస్టర్లు తర్వాత చెదలు పట్టి పోయాయి.' ఎంత తేలిగ్గా వచ్చాయో ఆ వాక్యాలు. చెదలు అన్న మాట తనకే నచ్చింది. భీమశంకరం గారు ఇప్పుడు తన సాయం లేకుండానే అబద్ధాలాడగలరు అనిపించి వేళ్లు వెనక్కి తీసుకుంది. పంపలేదు, చెరిపేయనూ లేదు. డ్రాఫ్టులో ఉంచి ఇంటికి వచ్చింది.

ఇంట్లో పిన్ని సరోజిని అప్పటికే ఊరికి ఫోను కలిపి మాట్లాడుతోంది. ఆదివారం సాయంత్రం నాయనమ్మతో మాట్లాడటం ఆ ఇంటి ఆనవాయితీ. "ఇదుగో వచ్చింది మీ మనవరాలు," అని రిసీవరు పూర్ణ చేతిలో పెట్టింది.

"ఏమే, ఉప్పు సంగతి రాశావంటగా కాలేజీలో. మీ పిన్ని చెప్పింది. అందరికన్నా ఎక్కువ మార్కులంట."

"ఆఁ, నాయనమ్మా."

"మా మరిది గుడ్డు తిన్నది కూడా రాశావా?"

"రాశాను."

"నవ్వారా?"

"నవ్వారు."

నాయనమ్మ కూడా నవ్వింది. తర్వాత కొంచెం ఆగి, ఏమీ పట్టనట్టు అడిగింది. "నా పేరు చెప్పావా?"

పిన్ని కూరగాయలు తరుగుతూ వింటోంది. బాబాయి పేపరు మడిచి ఇటే చూస్తున్నాడు.

"చెప్పాను నాయనమ్మా."

"చెప్పినా ఏం లాభం లేవే. నా పేరూ నీ పేరూ ఒకటే. నీ గొప్ప నువ్వే చెప్పుకున్నావనుకుంటారు." మళ్లీ నవ్వింది. ఆ నవ్వులో ఎప్పుడూ లేని చిన్నపిల్ల సంతోషం ఉంది. రేపు పంపు దగ్గర నలుగురికీ చెప్పుకుంటుంది, ఢిల్లీ కాలేజీలో తన పేరు చదివారని.

ఫోను పెట్టేశాక పూర్ణ బాల్కనీలోకి వెళ్లి ఆరేసిన బట్టలు తీయడం మొదలుపెట్టింది. ఇంకా తడిగానే ఉన్నాయి. మేడమ్‌తో ఆడిన అబద్ధానికి భయం వేసింది. హారిక దగ్గర దాచినందుకు సిగ్గు వేసింది. ఇది ఆ రెండూ కాదు. నోరారా చెప్పిన మనిషి మాటలు తీసుకుని, కోటు తొడిగిన, లేని మనిషి నోట్లో పెట్టింది. పెట్టి, నీ పేరే చెప్పానని ఆమెతోనే అంది. తడి బట్టలు మళ్లీ తీగ మీద వేసింది. మర్నాడు చెప్పేయాలని అనుకుంది. ముందుగా ఎవరికి చెప్పాలో కూడా తెలిసింది.

*

సోమవారం పదిన్నరకు మంచు విడిచి కాలేజీ పచ్చిక మీద ఎండ పడింది. హారిక పల్లీలు ఒలుస్తూ కూర్చుంది. పూర్ణ ఎదురుగా కూర్చుని, రాత్రంతా కూర్చుకున్న మాటలన్నీ మరిచిపోయి, "ఆ బ్లాగు నాదే," అంది.

"మత్లబ్?"

"నేనే రాశాను."

"డాక్టర్ సాబ్?"

"లేరు."

హారిక ముందు నవ్వింది. "నువ్వా? డెబ్బై ఏళ్ల డాక్టర్ నువ్వా?" తర్వాత చేతిలో పల్లీ అలాగే ఆగిపోయింది. "తొంభై?"

"తొమ్మిది."

"తొమ్మిది ఎవరు చెప్పారు?"

"మా నాయనమ్మ."

చేతిలోని పల్లీని హారిక పచ్చిక మీదికి విసిరేసింది. "మా డాడీ ఆఫీస్ మొత్తానికి మెయిల్ పెట్టాడు, పూర్ణా. మేరీ బేటీ పేపర్ పఢ్ రహీ హై అని. శుక్రవారం సెలవు పెట్టి వస్తున్నాడు." గొంతు పెంచలేదు. పెంచితే బాగుండుననిపించింది పూర్ణకు. "బస్‌స్టాప్‌లో ఎందుకు చెప్పలేదు?"

"భయం వేసింది."

"నువ్వు మాట్లాడవు కదా. అందుకే అనుకున్నా, నువ్వు ఝూట్ కూడా చెప్పవని. ఎంత బుద్ధూని నేను." పల్లీలు పొట్లం కట్టి బ్యాగులో పడేసింది. "లే. మేడమ్ దగ్గరికి పద. నువ్వే చెప్పు. నేను చెప్పను."

*

స్టాఫ్ రూము గుమ్మం ఈసారి దాటింది పూర్ణ. ఇంగ్లీషు తప్పులతోనే మొత్తం చెప్పింది. సీతారామయ్య మాస్టారి మాట మాత్రం చెప్పలేదు. ఆయన మీద తోసేయడం న్యాయం కాదనిపించింది. భట్నాగర్ మేడమ్ అడ్డు తగలకుండా విన్నది. విన్నాక సొరుగులోంచి ఆ జిరాక్స్ కాగితం తీసి, తిరగేసి బల్ల మీద పెట్టింది.

రెండో పక్క. పూర్ణ దాన్ని మొదటిసారి చదువుతోంది. 'మాటగా విన్న ఆధారాలు. చెప్పినవారి పేరు, వయసు, ఊరు, చేసిన పని, మీరు విన్న తేదీ రాయండి. చదువు అవసరం లేదు.'

"ఈ పక్క నీ దగ్గర లేదా?"

"లేదు మేడమ్."

"అడగలేదా?"

పూర్ణ తల దించుకుంది.

"సరే. ఇప్పుడు చెప్పు. అసలు చెప్పిందెవరు?"

"అన్నపూర్ణేశ్వరి, మేడమ్."

మేడమ్ హాజరు పట్టీ వైపు చూసింది. "అది నీ పేరు."

"మా నాయనమ్మ పేరు కూడా."

"కాగితం మీద ఏమైనా ఉందా?"

"నా డైరీలో తేదీతో రాసుకున్నాను."

"అదీ నువ్వు రాసిందే." మేడమ్ గొంతులో కోపం లేదు. అలసట ఉంది. "నిన్నటిదాకా ఉన్నాడన్న మనిషి ఇవాళ లేడంటున్నావు. ఇవాళ ఉందంటున్న మనిషి, అదీ నీ పేరుతోనే, రేపు కూడా ఉంటుందని నేనెలా నమ్మాలి?"

 ఈ ప్రశ్నకైతే భీమశంకరం గారైనా జవాబు రాయలేరు. నాయనమ్మ నవ్వుతూ అన్న మాటే ఇది, నీ గొప్ప నువ్వే చెప్పుకున్నావనుకుంటారు అని. ఆమె ఉందని చెప్పే హక్కు కూడా తను పోగొట్టుకుంది.

"ఈ పనికి నీకు మార్కులు లేవు," అంది మేడమ్. "హారికా, తొంభై తీసేస్తే నీ పేపర్‌లో ఏం మిగులుతుంది?"

హారిక ఆలోచించింది. "తొమ్మిది, మేడమ్. ఆ నాయనమ్మ నిజంగా ఉంటే." కొంచెం ఆగి, "నేను ఫోన్ చేస్తాను. నేనే అడుగుతాను," అంది.

మేడమ్ ఒప్పుకుంది. ఒక్క షరతు పెట్టింది. పూర్ణ గదిలోనే ఉండాలి, నోరు విప్పకూడదు. తెలియని మాటకు అర్థం కూడా చెప్పకూడదు.

నోరు విప్పకపోవడం పూర్ణకు పుట్టుకతో వచ్చిన పని. అది ఇంత కష్టమని ఆమెకు ఆ రోజే తెలిసింది.

హారిక తన సెల్‌ఫోను స్పీకరు పెట్టి బల్ల మధ్యలో ఉంచింది. అవతల నాలుగుసార్లు మోగాక, గొంతు.

"ఎవురూ?"

"నమస్తే... నాయనమ్మ గారూ. నేను హారిక. పూర్ణ ఫ్రెండ్. ఢిల్లీ నుంచి."

"ఢిల్లీ నుంచా? మా పిల్ల ఏదీ? బాగుందా?"

"ఇక్కడే ఉంది. మాట్లాడకూడదు."

"ఏం, గొంతు పొయ్యిందా?"

హారిక పూర్ణ వంక చూసింది. "ఆఁ. గొంతు పోయింది."

"చలిగాలికి తిరగమాకని చెప్పు. మిరియాల పాలు తాగమను. ఏందమ్మా సంగతి?"

హారిక కాగితం మీద రాసుకున్న ప్రశ్నలు ఒక్కొక్కటే అడిగింది. గుడ్డు గురించి అడిగితే మరిది కథ మొత్తం మళ్లీ వచ్చింది. అర్ధణా బిళ్ల అంటే హారికకు తెలియలేదు. పూర్ణ పెదవి కొరుక్కుంది. "నీ బొటనవేలి గోరంత అనుకో," అని నాయనమ్మే విడమరిచింది.

"గాలివాన తర్వాత ఎన్ని ఇళ్లు వెళ్లిపోయాయి?"

"తొమ్మిది."

"పక్కా?"

"పక్కా ఏంది, ఇళ్లు తొమ్మిది. చెప్తా రాసుకో. కనకయ్య వాళ్లు ఒంగోలు పొయ్యారు. అనంతరామయ్య వాళ్లు రైలు కట్ట పనికి బిట్రగుంట పొయ్యారు. చేపల పద్మనాభం, వాళ్ల అన్న, ఇద్దరూ మద్రాసు..." పేరు పేరునా చెప్పుకుపోయింది. ఏ ఇంట్లో ఎంతమంది, ఎవరు మళ్లీ కనబడ్డారు, ఎవరు కనబడలేదు. హారిక వేళ్లు మడుస్తోంది. ఎనిమిది దగ్గర నాయనమ్మ ఆగింది.

మేడమ్ ఒక చిన్న కాగితం మీద ఏదో రాసి హారిక ముందుకు జరిపింది. మొదటి క్లాసులో బోర్డు మీద రాసిన మూడో ప్రశ్న.

"నాయనమ్మ గారూ, ఇది మీకు ఎలా తెలుసు?"

"ఎట్టా తెలుసు ఏంది తల్లీ? తొమ్మిదోది మా పుట్టిల్లు గదా. మా అమ్మా నాన్నా తమ్ముళ్లూ అందరూ పొయ్యారు. నాకు పెళ్లయింది గాబట్టి నేనొక్కదాన్నే ఇక్కడ ఉండిపొయ్యా."

 హారిక తనకు తెలిసిన తెలుగుతో కూడబలుక్కుని, మెల్లగా ఇంగ్లీషులో మేడమ్‌కు చెప్పింది.

పూర్ణ బల్ల అంచు పట్టుకుంది. వేసవంతా పక్కనే కూర్చుని రాసుకుంది తను. తొమ్మిది అని రాసుకుంది. ఏ తొమ్మిది అని అడగలేదు. నీకెలా తెలుసు అని అడగలేదు. నాయనమ్మ వైపు బంధువులు ఊళ్లో ఎందుకు లేరో కూడా ఇన్నేళ్లలో ఒక్కసారి అడగలేదు. ఆ తొమ్మిదీ ఢిల్లీకి చాలవని, పక్కన సున్నా పెట్టింది.

"ఇంకేమన్నా అడగాలా అమ్మాయ్?" అంది నాయనమ్మ. "అది సరే గానీ, మా పిల్ల మీ పంతులమ్మకు నా పేరు చెప్పిందంటగా?"

హారిక పూర్ణ కళ్లలోకి చూసింది. అబద్ధం చెప్పడం చాలా తేలిక. పైగా మేడమ్‌కు తెలుగు రాదు.

"ఇవాళ చెప్పింది, నాయనమ్మా," అంది హారిక.

"ఇయ్యాలా? చెప్పానని నిన్ననే అందే."

 ఫోనులోంచి దూరంగా కోడి కూత వినిపించింది. మేడమ్‌కు మాట అర్థం కాలేదు గానీ, పూర్ణ ముఖం చూసింది. చూసి, ఫోనును ఒక వేలితో ఆమె వైపు జరిపింది.

"నిన్నటిదాకా చెప్పలేదు నాయనమ్మా," అంది పూర్ణ.

"గొంతు బాగానే ఉందిగదే నీకు," అంది నాయనమ్మ. "మరి ఎవురి పేరు చెప్పావు?"

"భీమశంకరం గారని..."

"భీమశంకరమా?" నాయనమ్మ ఆలోచించింది. ఊరంతా ఒకసారి ఇల్లిల్లూ తిరిగి వచ్చినంతసేపు ఆలోచించింది. "మనూళ్లో ఆ పేరు గలోళ్లు ఎవురూ లేరే."

"లేరు నాయనమ్మా," అంది పూర్ణ.